ఫ్యాక్షన్ సినిమాలో పేరు లేని శవం ఎవరిది?



ఒక సినిమా రాజకీయం ఏంటో తెలుసుకోవడానికి నేను డైలాగులు వినను. శవాలు లెక్కపెడతాను. ఎవరు చస్తే పాట వస్తుంది? ఎవరు చస్తే కెమెరా ఆగకుండా ముందుకు పోతుంది? హీరో అన్యాయం గురించి ఎంత ఆవేశంగా మాట్లాడినా, ఆ సినిమా ఎవరి పక్షమో ఈ లెక్కలో బయటపడుతుంది.

నాది కల్లూరు. పేరుకు వేరే ఊరు, వేరే మండలం. కానీ ఎప్పుడో కర్నూల్లో కలిసిపోయింది. 2003లో 'ఒక్కడు' వచ్చాక మా కొండారెడ్డి బురుజు ఫ్యాక్షన్‌కు గుర్తైపోయింది. హైదరాబాదులో చదువుకునేటప్పుడు నాది కర్నూలని చెప్తే చాలు, "బాంబులు తెచ్చినావా?" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వులో నేను ఒక్క నిమిషం రెడ్డినైపోయేవాణ్ని. మా మాదిగ గేరిలో మా జేజినాయన చేతిలో ఉన్న పదునైన వస్తువు ఒక్కటే, తోలు కోసే రంపె. ఆ సంగతి వాళ్లకు ఏ సినిమా చెప్పలేదు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1998 జూలైలో అప్పటి కర్నూలు జిల్లా వేంపెంటలో దళితులను ఊచకోత కోశారు. ఆరు నెలలు తిరిగేసరికి, 1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి' వచ్చింది. 2001 సంక్రాంతికి 'నరసింహనాయుడు'. 2002లో 'ఆది', 'ఇంద్ర'. సీమ రక్తంతో తెర తడిసిపోయిన ఆ నాలుగేళ్లలో వేంపెంట రక్తానికి మాత్రం ఆ వరుసలో చోటు దొరకలేదు. రెండు పెద్ద కుటుంబాల మధ్య పగ అయితేనే అది కథ. గేరి మీద జరిగితే వార్త, అది కూడా నాలుగు రోజులే.

మా పల్లెల్లో ఫ్యాక్షన్ అనరు, 'పార్టీ' అంటారు. "వాడు ఆ పార్టీ మనిషి" అంటారు. ఆ మాటలోనే అసలు విషయం ఉంది. ఒకప్పుడు సారా పాట ఎవరికి, రోడ్డు కాంట్రాక్టు ఎవరికి, సర్పంచ్ ఎవరు, పోలింగ్ నాడు బూత్ ఎవరి చేతిలో ఉంటుంది, పార్టీ అంటే ఇదీ. బాలగోపాల్ లాంటివాళ్లు సీమ ముఠాల గురించి రాసినప్పుడు అధికారం గురించే రాశారు. సినిమా దాన్ని తీసుకుపోయి రక్తంలో, వంశంలో, తండ్రి చావులో పెట్టింది. కాంట్రాక్టు గురించి ప్రశ్న అడగొచ్చు. వంశగౌరవం గురించి అడగలేం, చప్పట్లు కొట్టడమే.

'ఇంద్ర'లో సీమ కరువు ఉంది, నీళ్ల ప్రశ్న ఉంది. కాదనను. కానీ అక్కడ నీళ్లు హీరో త్యాగంగా వస్తాయి. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్న హక్కుగా రావు. వచ్చిన నీళ్లు ఎవరి చేలో పారతాయనే ప్రశ్న అసలే రాదు. 2018 నాటి 'అరవింద సమేత' నిజాయితీగా ఒక అడుగు ముందుకేసింది. పేకాట దగ్గర మొదలైన పగ ఎంత అర్థం లేనిదో, దాని బరువు ఆడవాళ్లు ఎట్లా మోస్తారో చూపించింది. అయితే ఆ ఆడవాళ్లు కూడా పెద్దింటి ఆడవాళ్లే. సుమోలో వెనక కూర్చుని పోయి తిరిగిరానివాడి పెండ్లాం ఏడుపు అందులో వినపడదు.

ఆ ఏడుపు నాకు తెలుసు. మా చిన్నాయన కొడుకు ఒక నాయకుడి వెంట తిరిగి కేసులో ఇరుక్కున్నాడు. ఆరేళ్లు వాయిదాలకు తిరిగినాడు. లాయరు ఫీజుకు మా చిన్నమ్మ కమ్మలు పోయినాయి. ఈలోపు కొట్టుకున్న రెండిండ్లూ వియ్యమందుకున్నాయి. పెండ్లిలో మావాడు వడ్డన చేసినాడు.

ఈ సంగతి తెర మీద చూడాలంటే నేను సీమ దాటి శ్రీకాకుళం పోవాల్సి వచ్చింది. కరుణకుమార్ తీసిన 'పలాస 1978' 2020 మార్చిలో వచ్చింది. అందులో పెద్ద షావుకారు, చిన్న షావుకారు కొట్టుకుంటారు. కొట్టేది, చచ్చేది మాత్రం దళిత అన్నదమ్ములు. వాళ్లకు పేర్లున్నాయి, ఇల్లుంది, కళ ఉంది, కోపం ఉంది. ఆ సినిమాలోనూ కత్తి ఉంది, కాకపోతే ఆ కత్తి ఎవరి చేతికి ఎవరు ఇచ్చారో చూపిస్తుంది. తమిళంలో రంజిత్ 'కాలా'లో భూమి ప్రశ్నను నేరుగా మురికివాడ మనిషి నోట పలికించాడు. సూపర్‌స్టార్ సినిమాలో కూడా ఆ పని చేయొచ్చని తేలిపోయింది.

సీమ మిత్రులతో నాకు ఒక పేచీ ఉంది. "సినిమావాళ్లు మన సీమను కించపరిచారు, మనది వేమన పుట్టిన నేల" అంటారు. నిజమే, కించపరిచారు. కానీ 'మన' అన్న ఆ మాటలో గేరి ఉందా? వేమనను చూపించి వేంపెంటను దాచిపెడితే అది సినిమావాళ్లు చేసిన పనే. కోసిగి, ఆదోని వైపు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప చేలకు, పత్తి చేలకు సుగ్గికి పోతాయి. బడి మానేసిన పిల్లలు కూడా ఆ బండ్లలోనే పోతారు. సుమోలు గాల్లోకి లేచిన సీమను అందరూ చూశారు. సుగ్గి బండ్లెక్కిన సీమను ఎవరు తీస్తారు?

ఇది పాత సినిమాల ముచ్చట కాదు. మన గేరి పిల్లలు ఇప్పుడు అవే డైలాగులకు రీల్స్ చేస్తున్నారు. ఎన్నికలొస్తే బండికి పెట్రోలు, చేతికి ఐదొందలు తీసుకుని ర్యాలీలకు పోతున్నారు. తామే హీరో అనుకుంటున్నారు. ఆ కథలో తమకు రాసిపెట్టిన వేషం హీరోది కాదని, ఇంటర్వెల్ ముందు పడిపోయే వందమందిలో ఒకడిదని వాళ్లకు చెప్పాల్సింది మనమే. హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈసారి ఏ సినిమా వేసుకున్నా కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. చచ్చినవాళ్లలో ఎంతమందికి పేరుందో రాసుకోండి. తర్వాత కూర్చుని మాట్లాడుకోండి.

వచ్చే భాగంలో 1938 నాటి 'మాలపిల్ల' గురించి.

జైభీమ్.