బాన్సువాడ నుంచి కోఠికి: వాల్వు యాంప్లిఫయరుకు పికప్‌ల ఎంపిక

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ నుంచి హైదరాబాదు చేరడానికి కామారెడ్డి మీదుగా 44వ జాతీయ రహదారిని అందుకునే దారి ఒకటి ఉండగా, ఎల్లారెడ్డి, మెదక్, నర్సాపూర్‌లను తాకుతూ సాగే దారి మరొకటి ఉంది. ఇక్కడ వర్ణించే యాత్ర ఈ రెండో దారిలో సాగింది. పాత తరహా వాల్వు యాంప్లిఫయరుకు పొసగే పికప్‌లను ఒక ఎలక్ట్రిక్ గిటారుకు ఎంచుకోవడం దాని ఉద్దేశం. ఉక్కు తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాన్ని పికప్ అంటారు. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టి దానిని తయారు చేస్తారు. యాత్రికుని వెంట మూడు పికప్‌ల గిటారు ఒకటి, 1955–60 మధ్య అమెరికాలో తయారైన ఫెండర్ డీలక్స్ నమూనా ప్రకారం ఇటీవల కట్టిన చిన్న యాంప్లిఫయరు ఒకటి ఉన్నాయి. బస్సు కుదుపులకు గాజు వాల్వులు నిలవవు కనుక, వాటిని ముందే విప్పి గుడ్డల్లో చుట్టి విడిగా పెట్టెలో సర్దడంతో ప్రయాణం మొదలైంది.

బాన్సువాడ పరిసరాలు వరి మాగాణి ప్రాంతం. మంజీరా నది మీద 1923–31 మధ్య నిర్మించిన నిజాంసాగర్ జలాశయం కాలువలు ఈ పొలాలకు నీరిస్తాయి; రైసుమిల్లుల మోటార్లు, బోరు మోటార్లు ఆగి తిరిగి మొదలయ్యే వేళల్లో ఇళ్లలో కరెంటు హెచ్చుతగ్గులకు లోనవుతుంది. గిటారుకు ఈ పరిస్థితితో నేరుగా సంబంధం ఉంది. ఒకే తీగచుట్ట గల సింగిల్ కాయిల్ పికప్ తీగల కంపనంతో పాటు, చుట్టుపక్కల వైర్ల నుంచి, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వెలువడే 50 హెర్ట్జ్‌ల అయస్కాంత క్షేత్రాన్ని కూడా పట్టుకొని, దానిని ఎడతెగని గుంయిమనే మోతగా స్పీకరుకు చేరవేస్తుంది. ఈ మోతను అణచడానికే గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సేత్ లవర్, వ్యతిరేక దిశల్లో కలిపిన రెండు చుట్టల హంబకర్‌ను రూపొందించి 1955లో పేటెంటుకు దరఖాస్తు చేయగా, 1957లో అది గిటార్లలోకి వచ్చింది, 1959లో పేటెంటు మంజూరయింది. కాబట్టి బాన్సువాడ వంటి ఊళ్లో గిటారు వాయించేవారికి మొదట తోచే పరిష్కారం, పాత పికప్‌లను తీసేసి బలమైన హంబకర్లను బిగించడమే. ఆ పరిష్కారం ఎంతవరకు నిలుస్తుందన్న ప్రశ్నతోనే ఈ యాత్ర బయలుదేరింది.

ఎల్లారెడ్డి వైపు సాగే దారిలో కాలువలు, వాటి తూములు కనబడతాయి. కాలువ మోయగలిగినదానికన్నా ఎక్కువ నీటిని తూము వదిలితే గట్టు పొర్లినట్లే, యాంప్లిఫయరులోని మొదటి వాల్వు భరించగలిగినదానికన్నా పెద్ద సంకేతాన్ని పికప్ పంపితే ఆ సంకేతపు శిఖరాలు తెగిపోయి ధ్వని గరగరమంటుంది. మొదటి వాల్వులో సంకేతం చేరే గ్రిడ్డు సాధారణంగా ఒకటి నుంచి రెండు వోల్టుల వరకు మాత్రమే నిమ్మళంగా ఊగగలదు. 1950ల నాటి పికప్ మామూలు మీటుకు కొన్ని వందల మిల్లీవోల్టులే ఇస్తుంది కనుక ఆ హద్దులో ఒదుగుతుంది, బలంగా చుట్టిన నేటి పికప్ గట్టి మీటుకు ఆ హద్దును దాటగలదు. అసలు డీలక్స్ నమూనాలో మొదటి స్థానంలో ఉండేది 12ఏవై7 అనే వాల్వు; సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచగలదో తెలిపే దాని వర్ధన గుణకం సుమారు 44. అదే సాకెట్టులో ఇప్పుడు చాలామంది పెట్టే 12ఏఎక్స్7కు, అంటే ఐరోపాలో ఈసీసీ83 అని పిలిచే వాల్వుకు, ఆ గుణకం 100. అందువల్ల పికప్ గురించి ఆలోచించే ముందే, ఆ సాకెట్టులో ఉన్నది ఏ వాల్వో చూసుకోవలసి ఉంటుంది. యాత్రికుని యాంప్లిఫయరులో ఉన్నది 12ఏఎక్స్7.

ఎల్లారెడ్డి దాటాక, 1922లో పూర్తయిన పోచారం జలాశయం, దాని పేరుతోనే ఉన్న వన్యప్రాణి అభయారణ్యం వస్తాయి. బస్సు కిటికీలోంచి చెట్లు వెనక్కి జరుగుతుండగా ఆలోచన యాంప్లిఫయరు స్వభావం వైపు మళ్లింది. డీలక్స్ నమూనాలో రెండు 6వీ6 వాల్వులు సుమారు 12 నుంచి 15 వాట్ల శక్తినిస్తాయి. బయటికి వచ్చే సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి పంపి తప్పులు దిద్దే ప్రతిపుష్టి వలయం అందులో లేదు. మంద్రానికి, తారానికి వేరువేరు నాబ్‌లు కూడా లేవు, టోన్ నాబ్ ఒక్కటే ఉంటుంది. ధ్వని పెంచేకొద్దీ మంద్రస్వరాలు వదులై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కనుక, మంద్రం దట్టంగా ఉండే బలమైన హంబకర్ అక్కడ బురదలా వినిపిస్తుంది. 1963 నుంచి వచ్చిన ఫెండర్ డీలక్స్ రివర్బ్‌లో ప్రతిపుష్టి ఉంది, మధ్యస్థాయి కాస్త అణగి ఉంటుంది. దానికి 1946 నాటి పీ-90 వంటి మధ్యస్థాయి నిండుగా గల పికప్ చక్కగా కుదురుతుంది. ఈఎల్84 వాల్వులతో 1958లో బ్రిటన్‌లో వచ్చిన వాక్స్ ఏసీ15 మళ్లీ వేరే రకం. దాని తారస్వరాల మెరుపుకు కాస్త మెత్తని పికప్ తోడైతే చెవికి గుచ్చుకోదు. పాత తరహా యాంప్లిఫయర్లన్నింటికీ ఒకే పికప్ తగినదని చెప్పే సలహా ఈ భేదాలను విస్మరిస్తుంది.

మెదక్‌లో ప్రయాణం కొంతసేపు ఆగింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో నిర్మితమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మెదక్ చర్చి 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు గల రాతి కట్టడం. దాని గంటగోపురం ఎత్తు 175 అడుగులు. ఆ కప్పు కింద నిలబడినప్పుడు, పికప్ ఎంపికను నిర్ణయించే అంశాలలో వాయించే గది కూడా ఒకటన్న సంగతి స్పష్టపడుతుంది. ఇంటి గదిలో 15 వాట్ల యాంప్లిఫయరు నాబ్‌ను సగం కూడా తిప్పకముందే ఇరుగుపొరుగు అభ్యంతరం చెబుతారు. ప్రార్థనకు వందల మంది గొంతు కలిపే హాలులో అదే యాంప్లిఫయరు నాబ్ చివరిదాకా వెళ్లి, స్వచ్ఛమైన ధ్వని అవసరమైన చోట గరగరను ఇస్తుంది. పెద్ద హాలులో వాయించేవారికి బలహీనమైన పికప్ వల్ల కలిగే మేలు ఇక్కడ ఉంది: యాంప్లిఫయరు గరగరలోకి దిగే ముందు కొంత ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీని మీటు బలంతో గానీ, గిటారు మీది వాల్యూమ్ నాబ్‌తో గానీ కళాకారుడే వాడుకోగలుగుతాడు.

ఆ ఖాళీ విలువ తెలుగువారికి కొత్తది కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, జంట తీగల మాండలిన్‌ను వదిలి, అయిదు ఒంటి తీగలు గల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను కర్ణాటక కచేరీ వేదిక మీదికి తెచ్చాడు. మాండలిన్ తీగ మీటిన కొద్ది క్షణాలకే స్వరం కరిగిపోతుంది కనుక, గమకాన్ని సాగదీయడానికి అతనికి పికప్, యాంప్లిఫయరు అవసరమయ్యాయి. అయితే స్వరానికీ స్వరానికీ మధ్య జారే ఆ సూక్ష్మమైన ఊగు వినబడాలంటే సంకేతపు శిఖరాలు తెగకూడదు. రాక్ సంగీతంలో గరగర కోరదగినదైతే, గమకంలో అది ఊగును కప్పేస్తుంది. రెండు సందర్భాలలోనూ పికప్ ఎంత బలంగా ఉండాలన్నది యాంప్లిఫయరు హద్దును బట్టి, వాయించే సంగీతాన్ని బట్టి తేలుతుందే తప్ప, పికప్ ఒక్కదానినే చూసి తేల్చగలిగింది కాదు.

నర్సాపూర్ అడవి దాటి నగరంలోకి ప్రవేశించాక యాత్ర గమ్యం కోఠిలోని గుజరాతీ గల్లీ. రెసిస్టర్లు, కెపాసిటర్లు, సోల్డరింగు సామాను, షీల్డు వైర్లు దొరికే ఆ ఇరుకు సందులో మల్టీమీటరు చేతికందని అంగడి ఉండదు. పికప్ నిరోధం ఎన్ని కిలో ఓములుంటే శబ్దం అంత ఎక్కువన్న నమ్మకం గిటారు వాయించేవారిలో బలంగా ఉంది. ఆ నమ్మకం సగమే నిజం. 43వ గేజి తీగ 42వ గేజి తీగకన్నా సన్నగా ఉండటం వల్ల, అదే పొడవుకు సుమారు నాలుగో వంతు ఎక్కువ నిరోధం చూపుతుంది, చుట్లు పెరగకపోయినా అంకె పెరుగుతుంది. వేసవి ఎండకు కూడా ఈ అంకె మారుతుంది. 20 డిగ్రీల వద్ద 6 కిలో ఓములు చూపిన పికప్, తెలంగాణలో మామూలైన 42 డిగ్రీల మధ్యాహ్నం దాదాపు 6.5 కిలో ఓములు చూపుతుంది.

ధ్వని స్వభావాన్ని ఎక్కువగా నిర్ణయించేది హెన్రీలలో కొలిచే ప్రేరకత్వం. అది కేబుల్ కెపాసిటెన్స్‌తో కలిసి, పికప్ అత్యధికంగా స్పందించే పౌనఃపున్యాన్ని ఏర్పరుస్తుంది. ఆరు మీటర్ల కేబుల్‌తో కలిపి మొత్తం 700 పికోఫారడ్‌లు ఉన్నాయనుకుంటే, 2.4 హెన్రీల సింగిల్ కాయిల్ శిఖరం సుమారు 3,900 హెర్ట్జ్ వద్ద, 4.4 హెన్రీల పాత తరహా హంబకర్‌ది 2,900 వద్ద, 8 హెన్రీల బలమైన హంబకర్‌ది 2,100 వద్ద పడుతుంది. మొదటిదానికి సగం పొడవు కేబుల్ చాలనుకుంటే శిఖరం 5,000 దాటుతుంది. పికప్‌కు అయ్యే ఖర్చులో చిన్న భాగంతో కేబుల్ మార్చి, వాల్యూమ్ నాబ్ కింద ఉండే 250 కిలో ఓముల పాట్ (మారే నిరోధకం) బదులు 500 కిలో ఓములది బిగించి, పికప్ ఎత్తును స్క్రూతో తగ్గించి వినడం వల్ల, అసలు లోపం ఎక్కడుందో ముందే తెలుస్తుంది.

ఈ లెక్కలన్నీ సరిచూసుకున్న మీదట యాత్రికుడు హంబకర్ల ఆలోచన విరమించి, సుమారు 6 కిలో ఓముల నిరోధం గల ఆల్నికో అయస్కాంతపు సింగిల్ కాయిల్ సెట్టును ఎంచుకున్నాడు. మధ్య పికప్‌ను వ్యతిరేక దిశలో చుట్టి, ధ్రువాలు తిరగేసిన అయస్కాంతంతో తయారు చేసినదిగా కోరడం వల్ల, దానిని పక్క పికప్‌తో కలిపి వాడేటప్పుడు మోత రద్దవుతుంది. మిగిలిన మోతను గిటారు గూటి లోపల అతికించే రాగి రేకు, ఇంట్లో సరైన ఎర్తింగ్ కొంతవరకు తగ్గిస్తాయి. మొదటి వాల్వును అసలైన 12ఏవై7తో మార్చడం ఇంకా చవకైన మరో అడుగు. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు ఈసీసీ83, ఈఎల్84 వంటి వాల్వులు తయారు చేసేది. ఇప్పుడు కొత్త వాల్వులు ఎక్కువగా రష్యా, స్లోవేకియా, చైనాల నుంచి రావలసిందే కనుక, వాటి ఖరీదునూ లెక్కలో చేర్చుకోవాలి. యాంప్లిఫయరు లోపల 300 వోల్టులకు మించిన విద్యుత్తు, స్విచ్చి ఆపాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది కనుక, సాకెట్టులోని వాల్వు మార్చడానికి మించిన పని అనుభవజ్ఞులకే వదలాలి.

కాబట్టి పికప్ ఎంపిక స్పీకరు వైపు నుంచి మొదలై వెనక్కి నడవాలి: ముందు గది, తర్వాత యాంప్లిఫయరు శక్తి, ఆపైన మొదటి వాల్వు, కేబుల్, పాట్, పికప్ ఎత్తు, చివరగా పికప్. ఈ వరుస తిరగబడితే ప్రతి లోపానికీ కొత్త పికప్ మందుగా కనిపిస్తుంది; ఇదే వరుసలో నడిస్తే ఉన్న పికప్‌లతోనే పని తీరిపోయే సందర్భాలు తక్కువేమీ కావు.