మైదుకూరు నుంచి మైపాడుకు

కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్నా నది కడప జిల్లాను దాటి, సోమశిల, సంగం, నెల్లూరుల మీదుగా 597 కిలోమీటర్లు సాగి, ఊటుకూరు వద్ద సముద్రంలో కలుస్తుంది. ఆ సంగమానికి దక్షిణంగా, నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఇందుకూరుపేట మండలానికి చెందిన మైపాడు అనే చిన్న గ్రామం ఉంది. సెలవు దినాలను మినహాయిస్తే అక్కడి తీరం ప్రశాంతంగా ఉంటుంది. మైదుకూరు ప్రాంత కుటుంబాలకు అందుబాటులో ఉన్న తీరాల్లో ఇది ఒకటి.

అయినా మన ఇళ్లలో సముద్రాన్ని చూసినవారు ఎవరు? మోటారు సైకిళ్ల మీద వెళ్లివచ్చిన యువకులు. దాదీ, అమ్మీ, చిన్నపిల్లలు ఫోన్లలో ఫోటోలు చూసి సరిపెట్టుకుంటారు. మనం ఎంచుకున్న వాహనమే, ఇంట్లో ఎవరు ప్రయాణం చేయాలో, ఎవరు ఉండిపోవాలో నిర్ణయిస్తోంది. కనుక ముందు మనుషులను లెక్కించుకుని, ఆ తరువాతే వాహనాన్ని ఎంచుకోవడం న్యాయం.

మైదుకూరు నుంచి నెల్లూరుకు దాదాపు 150 కిలోమీటర్లు. బళ్లారి, గుత్తి, తాడిపత్రి, ప్రొద్దుటూరుల మీదుగా వచ్చే 67వ నంబరు జాతీయ రహదారి మన ఊరిని దాటి, బద్వేలు, ఆత్మకూరు, సంగం మీదుగా నెల్లూరు చేరి, కృష్ణపట్నం ఓడరేవు వద్ద ముగుస్తుంది. దారిలో బద్వేలుకు ముందు లంకమల అడవులు, తరువాత వెలిగొండలు వస్తాయి. సంగం వద్ద పెన్నపై నిర్మించిన బ్యారేజీ 2022లో ప్రారంభమైంది. అక్కడి నుంచి మెట్ట నేలలు వెనుకబడి, నెల్లూరు వరిపొలాలు మొదలవుతాయి.

సామాన్య కుటుంబానికి ఆర్టీసీ బస్సే ముఖ్యమైన ఆధారం. నేరుగా నెల్లూరు బస్సు దొరకనప్పుడు బద్వేలులో మారవచ్చు. మార్గమధ్యంలో ఆగే సమయాన్ని బట్టి నాలుగు గంటలు, లేదా మరికొంత ఎక్కువ పడుతుంది. 2025 ఆగస్టు 15న అమలులోకి వచ్చిన స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రంలోని మహిళలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో గుర్తింపు కార్డు చూపించి ఉచితంగా ప్రయాణించవచ్చు. సూపర్ లగ్జరీ వంటి బస్సులకు ఈ సౌకర్యం వర్తించదు. అయితే ఉచితం ఉన్నచోట రద్దీ కూడా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను నాలుగు గంటలు నిలబెట్టి తీసుకువెళ్లడం సేవ అనిపించుకోదు. అందువల్ల బస్సు బయలుదేరే చోటనే ఎక్కి సీటు చూసుకోవడం మంచిది.

మైదుకూరుకు రైలు లేదు. ఇరవై కిలోమీటర్ల దూరంలోని ప్రొద్దుటూరుకు నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం వల్ల 2016లో రైలు వచ్చింది. కానీ నెల్లూరు వెళ్లదలచినవారు కడపకు చేరి, రేణిగుంటలో మారి, గూడూరు మీదుగా చుట్టు తిరగాలి. 2019లో ప్రారంభమైన ఓబులవారిపల్లె–వెంకటాచలం మార్గం వెలిగొండలను ఆరు కిలోమీటర్లకు పైబడిన సొరంగంతో దాటుతుంది. అయితే అది ప్రధానంగా ఓడరేవు సరుకుల కోసం ఏర్పడింది. దూరం పెరిగినా, మరుగుదొడ్డి అవసరం తరచుగా ఉండే వృద్ధులకు రైలే సుఖం.

రెండు కుటుంబాలు కలిసి వాహనం అద్దెకు తీసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు, కోరినచోట ఆగవచ్చు. కానీ తెల్లవారుజామున బయలుదేరి, అదే డ్రైవరుతో అర్ధరాత్రి వెలిగొండలు దాటి తిరిగి రావాలనుకోవడం ప్రమాదకరం. డ్రైవరు నిద్ర కూడా మన బాధ్యతే.

అసలు ఇబ్బంది చివరి పాతిక కిలోమీటర్లలో ఉంది. నెల్లూరు నుంచి మైపాడుకు బస్సులు, ఆటోలు ఉన్నాయి. దిగగానే కండక్టరును అడగవలసిన మొదటి ప్రశ్న, తిరుగు చివరి బస్సు ఎన్ని గంటలకని. ఆ సమాధానం తెలియకపోతే సాయంత్రం ఆటో అడిగినంత ఇచ్చుకోవలసి వస్తుంది.

ఉదయం ఫజ్ర్ తరువాత బయలుదేరినవారు మైపాడు చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఇసుక కాలుతుంది, పిల్లలు, పెద్దలు అలసిపోతారు. కాబట్టి స్త్రీల టిక్కెట్లపై మిగిలిన సొమ్మును నెల్లూరులో ఒక రాత్రి గదికి వెచ్చించడం మేలు. మర్నాడు ఫజ్ర్ ముగించుకుని బయలుదేరితే, చల్లని వేళ సముద్రాన్ని చూసి, జుహర్ వేళకు నెల్లూరు చేరవచ్చు. ఇంత దూరపు ప్రయాణికులకు జుహర్, అస్ర్, ఇషా నమాజులను కుదించుకునే వెసులుబాటు కూడా ఉంది. అన్ని మసీదుల్లో స్త్రీలకు స్థలం ఉండదు గనుక ఆ సంగతి ముందే విచారించుకోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈ తీరానికి వాయుగుండాల భయం ఉంటుంది. ముహర్రం మాసంలో నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ రోజుల్లో బస్సులు కిక్కిరిసిపోతాయి. ఈ రెండు కాలాలనూ తప్పించుకోవాలి. ఏ కాలంలోనైనా అలల లోతును నమ్మరాదు; పిల్లల చెయ్యి వదలరాదు. చీలమండల వరకు నీళ్లు తాకితే చాలు.

ఇంట్లో అందరికన్నా మెల్లగా నడిచేవారు ఎవరో ఒక్కసారి గుర్తుచేసుకోండి. వారు కూర్చోగలిగే సీటు, వారు తట్టుకోగలిగే వేళ, వారికి అవసరమైన విశ్రాంతి చూసి ప్రయాణం నిర్ణయించండి. వారు చేరగలిగిన తీరానికి మిగిలినవారందరూ సులువుగానే చేరతారు.