హీరోగారి కారు ఎగిరింది సరే, దిగాక?

హీరోగారి కారు గుట్ట మీంచి గాల్లోకి లేస్తుంది. హాల్లో ఈలలు! కాగితాల వర్షం! మరుసటి షాటులో అదే కారు, ఒంటి మీద గీతైనా పడకుండా, రోడ్డు మీద దూసుకుపోతూ వుంటుంది. ఆ రెండు షాట్ల మధ్య ఎడిటరుగారు కత్తిరించి పారేసిన ముక్క ఒకటుంది. దిగేటప్పుడు ఆ బరువంతా ఎవరు మోశారు? నేల టిక్కెట్టు రోజుల నుంచీ నాకు అదే ధ్యాస అంటే నమ్మండి!

1968లో వచ్చిన "బుల్లిట్" చూశారా? పీటర్ యేట్స్ దర్శకుడు. శాన్‌ఫ్రాన్సిస్కో మెట్ట వీధుల్లో స్టీవ్ మెక్వీన్ ఫోర్డ్ మస్టాంగ్ తోలుకుంటూ దాదాపు పదకొండు నిమిషాలు ఛేజ్ చేస్తాడు. ఆ సినిమా ఎడిటింగుకి ఆస్కార్ వచ్చింది. కాని నన్నడిగితే తెర వెనుక హీరో మాక్స్ బాల్కౌస్కీ. రేసు కార్లు స్వయంగా తయారుచేసిన మనిషి. షూటింగుకి ముందు ఆ మస్టాంగ్ కింద భాగమంతా గట్టిపరిచింది ఆయనే. లేకపోతే రెండో ఎగురుడికే చక్రాలు చెరో దిక్కూ పోయేవి.

అయితే ఒకటి గమనించండి. ఆ కారుకి పని ఒక్కటే, షాటు ఓకే అయ్యేదాకా బతికి వుండటం. నా కారుకి మూడు పనులు!

నాది ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ. 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 105 గుర్రాల బలం. 2022లో మన దేశంలో పోలో తయారీ ఆగిపోయింది కాబట్టి ఇంకోటి కొత్తది కొందామన్నా దొరకదు. స్పోర్ట్స్ కారంటే పోర్షేనే అనేవాళ్ళు నవ్వుకోవచ్చు గాక, భద్రాచలంలో ఇదే స్పోర్ట్స్ కారు. రోజూ పాల్వంచ ఉద్యోగానికి పోయి రావాలి. నెలకోసారి అమ్మని ఖమ్మం ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఆమె నడుముకి ఆపరేషను చేసి స్క్రూలు బిగించారు. ఇక ఏడాదికి రెండు మూడుసార్లు మద్రాసు పక్కన ఇరుంగట్టుకోట్టై ట్రాకుకి పోతాను. 1990లో మొదలైన ట్రాకు. చుట్టు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. సినిమా వాళ్ళంతా మద్రాసులో వున్న కాలంలో రేసులు షోలవరంలో, యుద్ధకాలపు పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. ఆ వైభవం నేను చూడలేదు.

పోయినేడు నాలుగు షాకబ్జార్బర్లలో రెండు నూనె కారడం మొదలెట్టాయి. మార్చక తప్పదు. ఎలాగూ మారుస్తున్నాం గనక ట్రాకుకి పనికొచ్చేవి వేద్దామని ఆశ. చేతిలో డబ్బు ఒక్క సెట్టుకే వుంది. పైగా అమ్మ సంగతి నాకు తెలుసు. కుదుపులకి నడుము నొప్పెడితే నాతో చెప్పదు. "ఈ నెల బాగానే వుంది నాయనా, పోవద్దులే" అని చెకప్పు మానేస్తుంది. అదీ నా భయం.

మా రోడ్డు గురించి రెండు ముక్కలు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలానికి సుమారు 120 కిలోమీటర్లు. కొన్నిచోట్ల నున్నగా అద్దంలా వుంటుంది. కొన్నిచోట్ల బొగ్గు లారీల బరువుకి తారు కుంగి, ఎండాకాలం మైనంలా పక్కకి జరిగి, రెండు కాలువలు పడి వుంటాయి. ఊరూరికీ స్పీడుబ్రేకర్లు. వాటి ఎత్తు కట్టిన మేస్త్రీ మూడ్‌ని బట్టి! 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. 1986 ఆగస్టులో 75.6 అడుగుల దాకా వచ్చిందని పెద్దవాళ్ళు ఇప్పటికీ లెక్క చెబుతారు. వరద తీశాక పల్లపు రోడ్ల మీద మిగిలేది బురదా, గుంటలూను. ఇక చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే, "పుష్ప" సినిమాలో చూసిన ఆ అడవే! మలుపు మలుపుకీ తారు అంచు విరిగి వుంటుంది.

ఇలాంటి రోడ్డుకి ఏం వెయ్యాలి?

కుర్రకారుకి ముందు తట్టేది కారుని కిందికి దించడం. పొట్టి స్ప్రింగులు వేస్తే చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య సందు పోయి, కారు పోస్టరు మీద బొమ్మలా వుంటుంది. విజయవాడలో వున్న మా బావమరిది అదే చేశాడు. కంపెనీ షాకబ్జార్బర్లు అలాగే వుంచి, స్ప్రింగులు మాత్రం పొట్టివి వేయించాడు. "బావా, ఇప్పుడు చూడు కారంటే!" అన్నాడు. చూడటానికి నిజంగానే బావుంది. కాని చక్రం పైకి లేవడానికి వున్న చోటే కదా తగ్గింది! చిన్న గుంటకే సస్పెన్షన్ లోపలి రబ్బరు దిమ్మకి ఠపీమని కొట్టుకునేది. ఇంకో మెలిక కూడా వుంది. ముందు చక్రాలకి మాక్‌ఫర్సన్ స్ట్రట్ వున్న కారుని బాగా దించితే, కారు బరువు కేంద్రం ఎంత దిగుతుందో అది వాలే కేంద్రం అంతకంటే ఎక్కువ దిగిపోతుంది. అంటే కారుని మలుపులో పక్కకి వాల్చే బలానికి పట్టు ఇంకా పెరుగుతుందన్నమాట. అందానికి దించితే అసలు పని చెడుతుంది.

చెప్పొచ్చేదేమిటంటే, స్ప్రింగు పని ఒకటి, షాకబ్జార్బరు పని ఇంకొకటి. బరువు మోసేది స్ప్రింగు. మోశాక అది పిచ్చిగా ఊగకుండా ఆపేది షాకబ్జార్బరు. లోపల నూనె చిన్న చిన్న సందుల్లోంచి పోతూ, ఆ ఊపుని వేడిగా మార్చేస్తుంది. సుఖమైన ఇంటి కారు సెకనుకి ఒకటీ ఒకటిన్నర సార్లు ఊగేట్టు స్ప్రింగు వేస్తారు. రేసు కారుకి రెండూ, ఆ పైన. ట్రాకు నున్నగా వుంటుంది గనక అక్కడ చెల్లుతుంది. అంత గట్టి స్ప్రింగు మా రోడ్డు మీద వేస్తే చక్రం గుంట అంచు తగిలి గాల్లోకి లేస్తుంది. గాల్లో వున్న టైరుకి పట్టెక్కడిది? గట్టిగా వుంటే కారు రోడ్డుని పట్టుకుంటుందనేది సగం నిజమే. 1962లో లోటస్ ఎలాన్ చేసిన కోలిన్ చాప్‌మన్ కూడా స్ప్రింగులు మెత్తగానే వుంచాడు. అణిచే పనంతా షాకబ్జార్బర్లకి అప్పజెప్పాడు. ఆ కారు మలుపుల్లో తిరిగే తీరు ఈనాటికీ చెప్పుకుంటారు.

అసలు కిటుకు ఇక్కడుంది. షాకబ్జార్బర్ల దుకాణాల్లో "లో స్పీడు", "హై స్పీడు" అంటారు. అది కారు వేగం కాదు! లోపలి పిస్టను కదిలే వేగం. మలుపులో కారు వాలినా, బ్రేకు కొడితే ముక్కు కిందికి దిగినా పిస్టను మెల్లగా కదులుతుంది. అదే గుంట అంచు తగిలితే ఒక్కసారిగా దూకుతుంది. మెల్లగా కదిలినప్పుడు గట్టిగా నిలబడి, దూకినప్పుడు వాల్వు తెరిచి దారిచ్చేదైతే, అటు ట్రాకుకీ సరే, ఇటు అమ్మ నడుముకీ సరే. చౌక సరుకు చాలావరకు దీనికి తలకిందులు. వాలినప్పుడు లొంగిపోతుంది, గుంటలో మాత్రం కర్రలా బిగుసుకుంటుంది.

ఎత్తు తిప్పుకోగల కాయిలోవర్ల గురించి కూడా ఆలోచించాను. మంచివాటితో ఎత్తూ, ఊపూ అన్నీ మన చేతిలోనే వుంటాయి. కాని ఒంటికి మరలుండే ఆ గొట్టాలు ఎర్రదుమ్ములో, వరద బురదలో ఏడాది తిరిగితే, తర్వాత తిప్పబోతే తిరగవు. మా ఖమ్మం మేస్త్రీ తేల్చేశాడు: "కడిగి గ్రీజు పెట్టే ఓపికుంటే ఏపియ్యి సారూ. లేకుంటే నీ పైసలు, నీ ఇష్టం." నాకు అంత ఓపిక లేదు.

చివరికి ఏం వేశానంటే, నైట్రోజన్ వాయువు నింపిన మోనోట్యూబు షాకబ్జార్బర్లు. ట్రాకు మీద వేడెక్కినా నూనె నురగెత్తి పట్టు జారదు. స్ప్రింగులు కంపెనీ వాటికంటే కొంచెం గట్టివి, ఎత్తు మాత్రం అదే. కారు కింద వున్న ఆరున్నర అంగుళాల ఖాళీలో ఒక్క దారమంత కూడా వదులుకోలేదు. చక్రాలు కూడా 15 అంగుళాలవే వుంచాను. పెద్ద చక్రం, పలచటి టైరు వేస్తే చూడటానికి జోరు, గుంటలో పడితే రిమ్ముకి చేటు. మిగిలిన డబ్బుతో బ్రేకు ప్యాడ్లూ, బ్రేకు ఆయిలూ మార్పించాను. ఎత్తు మార్చకపోవడానికి ఇంకో కారణం కూడా వుంది. ఆర్.సి. వివరాలు మారేట్టు బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. ఏం బిగించినా ముందు ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర అడగండి.

పరీక్ష ఎవరు పెట్టారనుకున్నారు? అమ్మే! మొదటి ఖమ్మం ప్రయాణంలో ఆమెకేం చెప్పలేదు. ఒళ్ళో పులుసు క్యారేజీ పెట్టుకుని కూర్చుంది. పాల్వంచ దాటింది, కొత్తగూడెం దాటింది. మాట లేదు. నా గుండె దడదడ! జూలూరుపాడు దగ్గర చూస్తే ఏముంది, తల వాల్చి నిద్రపోతోంది. దిగాక, "కారు ఇదివరకటంత ఊగట్లేదేంరా, కొంచెం బిర్రుగున్నట్టుంది" అంది. "నొప్పేమన్నా వుందా అమ్మా?" అంటే, "నొప్పయితే నిద్రెట్లా పడద్దిరా?" అని నన్నే ఎదురడిగింది.

ఇరుంగట్టుకోట్టైలో సంగతి కూడా చెప్పాలి. బ్రేకు కొడితే ముక్కు మునుపటంత కుంగలేదు. కుడి నుంచి ఎడమకి మళ్ళించేటప్పుడు కారు ఆలోచించుకోకుండా తిరిగింది. అయినా కాయిలోవర్లు బిగించిన ఇంకో పోలో నన్ను అవలీలగా దాటిపోయింది. నిజం చెప్పొద్దూ, కాస్త ఈర్ష్య పడ్డాను. సాయంత్రం ఆ కుర్రాడు తన కారుని లారీ ఎక్కించుకుని పోయాడు. నేను నా కారులోనే ఖమ్మం దాకా దాదాపు 570 కిలోమీటర్లు, అక్కణ్ణించి అడవి దారిన ఇంటికి.

మిగిలిన పని ఒకటుంది. స్ప్రింగులు గట్టిపడ్డాక చక్రాల దగ్గరి రబ్బరు బుష్షుల మీద బరువు పెరుగుతుంది. ముందు ఎడమవైపుది ఇప్పటికే కిర్రుమంటోంది. వానలు పడేలోగా అది మార్పించి, ఖమ్మంలో అలైన్‌మెంట్ చేయించాలి. అమ్మ చెకప్పు జూన్ రెండో వారంలో.