ఐదో స్తంభం

నెలలో మొదటి శనివారం పొద్దున్నే హారోలో మెట్రోపాలిటన్ లైన్ రైలెక్కి యూస్టన్ స్క్వేర్‌లో దిగుతాను. అక్కణ్ణుంచి కాస్త నడిస్తే బ్రిటిష్ మ్యూజియం. సంచిలో స్కెచ్ బుక్కు, రెండు 2బి పెన్సిళ్ళు, ఒక రబ్బరు. పెన్సిల్‌తో గీసుకుంటే అక్కడ ఎవరూ అడ్డు చెప్పరు. తిన్నగా 33ఎ గదికి వెళ్ళి, అద్దం వెనకున్న అమరావతి రాళ్ళలో ఒక్క పలక ముందు నిలబడతాను. ఇరవై ఆరు నెలలుగా అదే పలక.

మాది సత్తెనపల్లి. చిన్నప్పుడు అమరావతిలో అమరేశ్వరుడి గుడికి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు. పక్కనే ఉన్న స్తూపం దిబ్బ వైపు మాత్రం ఎవరూ తీసుకెళ్ళలేదు. ఆ దిబ్బలోంచి తీసి 1859లో లండన్‌కి తరలించిన పల్నాటి సున్నపురాయిని నేను మొదటిసారి చూసింది ఇక్కడే, నలభై దాటాక. ఆ రోజు అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు ఉండిపోయాను. మా ఊరి పక్క రాయి, ఎంత దూరం వచ్చిందో!

బొమ్మలు నేర్చుకోవడం మొదలుపెట్టింది మాత్రం ఫోనులో, ఒక యాప్‌తో. రోజూ ఒక బొమ్మ వేస్తే వరస తెగకుండా అంకె పెరుగుతూ ఉంటుంది. నూట పన్నెండు రోజులు ఒక్కరోజు కూడా తప్పలేదు. రాత్రి పదకొండున్నరకి గిన్నెలు కడిగి, నిద్ర కళ్ళతో ఒక కప్పో, ఆపిల్ పండో గీసి పడుకునేదాన్ని. నూట పదమూడో రోజు కూర్చుని మొదటి కప్పునీ చివరి కప్పునీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఒకటే. గీత కాస్త వణక్కుండా వస్తోంది, అంతే. నేను పెంచింది అంకెను, బొమ్మను కాదు. ఆ రాత్రి నాకు నిజంగా ఏడుపొచ్చింది.

తర్వాత బెటీ ఎడ్వర్డ్స్ పుస్తకం కొనుక్కున్నాను. 1979లో మొదటిసారి అచ్చయిన ఆ పుస్తకం ఎందరికో బొమ్మలు నేర్పింది. పాఠం మొదలుపెట్టేముందే మూడు బొమ్మలు వేయమంటుంది: మన ముఖం, గుర్తున్న మనిషి ఒకరు, మన చెయ్యి. వాటిని దాచిపెట్టి, నేర్చుకున్నాక మళ్ళీ అవే వేసి పోల్చుకోవాలి. అప్పుడు తట్టింది, రోజుకో కొత్త వస్తువు గీస్తే పోల్చడానికి ఏమీ మిగలదని. ఒకే వస్తువు కావాలి. కదలకూడదు, మారకూడదు. నాకు ఆ పలక గుర్తొచ్చింది.

పలక మీద ఉన్నది స్తూపమే. గుమ్మటంలాంటి గుండ్రటి అండం, చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, వాటి పైన వరసగా నిలబెట్టిన ఆయక స్తంభాలు. మొదటి శనివారం గంటన్నరలో వేసేశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. మా వారు ఫ్రేము కట్టిద్దామన్నారు.

నాలుగో నెల బొమ్మ వేస్తుండగా లెక్క తేడా వచ్చింది. రాతి మీద ఆయక స్తంభాలు ఐదు. పాత పేజీలు తిరగేశాను. మూడింటిలోనూ నాలుగే! మూడు శనివారాలు, నాలుగున్నర గంటలు ఎదురుగా నిలబడి కూడా ఐదో స్తంభాన్ని నేను చూడలేదు. ద్వారానికి అటు రెండు, ఇటు రెండు ఉంటాయని మనసు ముందే తేల్చేసుకుంది, చెయ్యి దాని మాటే విన్నది.

ఆ రోజు నుంచి బొమ్మ కింద తేదీ, పట్టిన సమయంతో పాటు మూడో వరస కూడా రాస్తున్నాను: ఇవాళ కొత్తగా ఏం కనిపించింది? ఆరో నెల: 'అండం నేను వేసినంత గుండ్రంగా లేదు.' తొమ్మిదో నెల: 'స్తంభాల మధ్య ఖాళీలు సమానం కాదు.' చెయ్యి చాచి, మోచెయ్యి వంచకుండా, ఒక కన్ను మూసి పెన్సిల్‌తో కొలిస్తేగానీ అది తెలియలేదు. పద్నాలుగో నెల బొమ్మ అందంలో మొదటిదానికన్నా తీసికట్టు. చెరిపిన మరకలు, మధ్యలో వదిలేసిన మనుషులు. కానీ పలక ఫొటోను అదే కొలతలో పలచటి కాగితం మీద అచ్చు వేయించి పైన పరిచి చూస్తే, మొదటి బొమ్మలో వేలెడంత పక్కకి పోయిన అంచు ఇందులో గీతకి గీత కూర్చుంది. ఫ్రేము కట్టిస్తే దీనికే కట్టించాలి.

ఈ రాళ్ళని నాకన్నా ముందే గీసినవాళ్ళున్నారు. సర్వేయర్ కాలిన్ మెకంజీ అమరావతిని 1797లో తొలిసారి చూసి, 1816లో బొమ్మలు గీసేవాళ్ళని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. అప్పటికే ఎన్నో రాళ్ళు కట్టడాలకి తరలిపోయాయి. వాళ్ళు గీసినవాటిలో కొన్ని రాళ్ళు ఇప్పుడు ఎక్కడా లేవు, ఆ బొమ్మల్లోనే ఉన్నాయి. ఆ బొమ్మల ఆల్బమ్ ఇదే ఊళ్ళో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. వాళ్ళలో ఒక్కరు నాలాగా నాలుగు స్తంభాలు వేసి సరిపెట్టుకుని ఉంటే, పోయిన రాయి విషయంలో ఆ తప్పు దిద్దేవాళ్ళెవరు? అది తలుచుకుంటే పెన్సిల్ పట్టిన వేళ్ళు జాగ్రత్త పడతాయి.

నా పలకకి వెనకవైపూ ఒక శిల్పం ఉంది. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో చెక్కింది: బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ నమస్కరిస్తున్న జనం. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఎవరో శిల్పి అదే రాయిని తిప్పి ఇటువైపు స్తూపాన్ని చెక్కాడు. ఒకే రాతికి రెండు తేదీలు. ఉలి ఎత్తబోయే ముందు అతను ఆ పాత పనిని ఎంతసేపు చూసి ఉంటాడా అని ప్రతిసారీ అనుకుంటాను.

పోయిన ఆదివారం అమ్మకి వీడియో కాల్‌లో పుస్తకమంతా చూపించాను. డెబ్బై ఏళ్ళుగా పొద్దున్నే వాకిట్లో చుక్కల ముగ్గు వేస్తున్న మనిషి. చుక్క తప్పితే ఎక్కడ తప్పిందో నిలబడే చెప్పేస్తుంది. ఇరవై ఆరు బొమ్మలూ ఓపిగ్గా చూసి, చివరి పేజీ దగ్గర ఆపమంది.

"ఆ ఎడమ పక్క సింహానికి తోక ఎటు పోయిందే?"

నాకు జవాబు తెలియలేదు. వెనక్కి తిప్పాను. ఏ బొమ్మలోనూ లేదు. రాతి మీద ఉందో లేదో కూడా గుర్తు రాలేదు.

"చూసి చెప్తానమ్మా" అన్నాను. మొదటి శనివారానికి ఇవాళ్టి నుంచి ఇంకా తొమ్మిది రోజులుంది.