తొక్కు మంచిదే, ఉప్పు చూసుకోవాలి

ఆరోగ్యం మాటొస్తే అన్నం తగ్గించాలా, రొట్టె తినాలా అని మాట్లాడుకుంటాం. పళ్లెంలో ఓ పక్కన వేసుకునే దాని సంగతి ఎవరూ అడగరు. మా ముల్చేర, సిరొంచ వైపు అసలు రుచంతా అక్కడే. తెలుగిళ్లలో పచ్చిమిర్చి తొక్కు, గోంగూర పచ్చడి. మరాఠీ ఇళ్లలో ఠేచా, జవస్ చట్నీ. బెంగాలీ కుటుంబాల్లో ఆవాల కాసుంది.

వీటిలో నాకు బాగా ఇష్టమైంది జవస్, అంటే మన అవిసె గింజలు. సన్నటి మంట మీద చిటపటలాడే దాకా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర వేసి దంచితే ఇల్లంతా కమ్మటి వాసన. పీచుతో పాటు ఒమేగా-3 కూడా దొరుకుతుంది. గింజలు అలాగే మింగితే సరిగ్గా అరగవు, దంచితేనే ఒంటబడతాయి.

చిక్కంతా ఉప్పుతోనే. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రెండూ చెబుతున్నాయి. కొనే సాస్‌లు చూస్తే, ఒక టేబుల్ స్పూను సోయా సాస్‌లోనే దాదాపు 2 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంతే టమాటా కెచప్‌లో సుమారు 4 గ్రాముల చక్కెర. మన నిల్వ పచ్చడిలోనూ ఉప్పు ఎక్కువే, తగ్గిస్తే బూజు పడుతుంది. రోటి పచ్చడికి ఆ బాధ లేదు. ఏ పూటకాపూట నూరుకుని, ఉప్పు తగ్గించి, చింతపండో నిమ్మరసమో కాస్త పెంచుకోవచ్చు.

పిల్లల డబ్బాలో సాస్ ప్యాకెట్ పెట్టే ముందు ఒక్కసారి ఆలోచించండి. దాని బదులు ఓ చెంచా జవస్ పొడి పెట్టి చూడండి.