రెండు రూపాయలు

బద్వేలులో ఒక వృద్ధుడుండెడివాడు. ఆయన పెట్టెలో ఒక చిన్న గుడ్డసంచియు, దానిలో రెండు వెండి రూపాయలును ఉండెడివి. ఒకదానిమీద ఇంగ్లండు రాజు తల. రెండవదానిమీద హైదరాబాదు చార్మినారు. పిల్లలు చుట్టును చేరినప్పుడెల్ల ఆయన వానిని అరచేతిలో నుంచుకొని, “వీనిలో ఏది గొప్పది?” అని అడిగెడివాడు. ఒకడు ఒకదానిని, మరియొకడు మరియొకదానిని చూపెడివాడు. “చూచి చెప్పిన చాలదు, తూచి చెప్పవలెను” అని నవ్వి, ఆయన తన చిన్ననాటి సంగతి చెప్పెడివాడు.

అప్పటికి రెండవ ప్రపంచయుద్ధము రాలేదు. ఆయనకు పదేండ్లు. ఇంట అక్క పెండ్లి నిశ్చయమైనది. గద్వాల చీరలు కొనవలెనని తండ్రి బయలుదేరి, కుమారుని వెంటబెట్టుకొని కర్నూలు చేరి, తుంగభద్ర దాటెను. ఆవలి యొడ్డు నైజాము రాజ్యము. అచటి మాటయు తెలుగే, పంటయు జొన్నయే. అన్నియు ఇంటివలెనే ఉన్నవని బాలుడు సంతోషించెను.

గద్వాలలో నేతగాడు రెండు చీరలకు ముప్పదియైదు రూపాయలు చెప్పెను. తండ్రి బేరమాడలేదు. మొలసంచి విప్పి, రూపాయలు ఒక్కొక్కటిగా లెక్కించి, ముప్పది మాత్రమే ఇచ్చెను. నేతగాడు వానిని కన్నుల కద్దుకొని పుచ్చుకొనెను. బాలుని గుండె దడదడలాడెను. వీధిలోనికి వచ్చిన పిదప వాడు తల వంచుకొని, “నాయనా! అయిదు రూపాయలు తక్కువ ఇచ్చితివి. పాపము, ఆయన చూచుకొనలేదు” అనెను.

తండ్రి కోపింపలేదు. “అబ్బీ! నీవు అడుగుట మంచిదైనది. ఆయన చెప్పినవి హాలీ రూపాయలు. నేనిచ్చినవి కల్దార్లు. ఏడు హాలీలు ఆరు కల్దార్లకు సమానము. ఇప్పుడు లెక్కవేయుము” అనెను. బాలుడు వ్రేళ్లు మడిచి లెక్కవేసెను. అయిదేడులు ముప్పదియైదు, అయిదారులు ముప్పది. వాని మనస్సు తేలికపడెను.

ఒకే తెలుగునేలలో రెండు రూపాయలు ఏల వచ్చినవి? కడప సీమ 1792లో టిప్పు సుల్తానునుండి నైజాముచేతికి వచ్చెను. 1800లో నైజాము తన రక్షణకై యుంచుకొన్న ఆంగ్ల సైన్యముల వ్యయమునకు బదులుగా దానిని ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. అంతట తుంగభద్ర రెండు ప్రభుత్వములకు ఎల్ల అయ్యెను. ఈవల తొలుత వరహాలు చెల్లెడివి. మద్రాసు వరహాకు మూడున్నర రూపాయలు. 1835లో కంపెనీ తన యేలుబడిలోని సీమలన్నిటికి ఒకే రూపాయిని నిర్ణయించెను. ఆవల నైజాము తన టంకసాలలోనే నాణెములు ముద్రించుకొనెను. వానిని హాలీ సిక్కాలనిరి. హాలీ యనగా ప్రస్తుతము చెల్లునది. ఆంగ్లేయుల రూపాయిని కల్దారనిరి. అనగా యంత్రముతో చేయబడినది. రూపాయికి పదునారణాలు, అణాకు పండ్రెండు పైసలు—ఈ లెక్క రెండింటికిని ఒకటే. పేరును, భాగములును ఒకటే యగుటచేతనే తెలియనివారు మోసపోయెడివారు.

భేదము వెండిలో నుండెను. కల్దారు సరిగా ఒక తులము, అనగా 11.66 గ్రాములు తూగును. దానిలో పండ్రెండు పాళ్లకు పదునొకండు పాళ్లు వెండి. హాలీ 11.18 గ్రాములు తూగును. దానిలో వేయి పాళ్లకు 818 పాళ్లు మాత్రమే వెండి. ఆరు కల్దార్లలోని వెండి దాదాపు 64 గ్రాములు. ఏడు హాలీలలోని వెండియు దాదాపు 64 గ్రాములే! వ్యాపారుల పుస్తకములలో నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ అని వ్రాసికొనెడివారు. అదియు ఈ లెక్కయే.

తిరిగి వచ్చునప్పుడు కర్నూలులో ఒక సరాబు అంగడియొద్ద బద్వేలువైపు కూలివాడొకడు నిలిచియుండెను. ఆవలి యొడ్డున రెండు నెలలు కోతలు కోసి, పదునాలుగు హాలీలు సంపాదించుకొని వచ్చినాడు. సరాబు వానిని పుచ్చుకొని పదునొకండు కల్దార్లిచ్చెను. కూలివాడు చేతులు జోడించి వెడలబోయెను. తండ్రి వానిని ఆపి, “పండ్రెండు రావలెను గదా!” అనెను. సరాబు, “వట్టము పోవలదా?” అనెను. “వట్టమునకు రెండణాలు పుచ్చుకొనుము. ఎండలో కోసినవాని కూలిలో రూపాయి పుచ్చుకొనుట వట్టము కాదు” అని తండ్రి కదలక నిలిచెను. సరాబు మాటాడక పదునాలుగణాలు లెక్కించి యిచ్చెను. ఆ రాత్రి బాలుడు ఏడారుల లెక్కను వంద వరకు వల్లించి నిద్రించెను.

కాలక్రమమున వెండి తరిగెను. ఆంగ్లేయులు 1940లో తమ రూపాయిలో వెండిని సగమునకు తగ్గించిరి. హైదరాబాదువారును తరువాత అట్లే చేసిరి. 1918 నుండి అచట కాగితపు నోట్లును చెల్లుచుండెను. కాగితములో వెండి యెక్కడిది? అయినను ఏడింటికి ఆరు అను లెక్క మాత్రము చెదరలేదు. తూకములో పుట్టిన లెక్క ప్రభుత్వముల మాటమీద నిలిచెను.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున చేరెను. 1951లో హాలీ ముద్రణ నిలిచెను. 1959లో దాని చెలామణియు ముగిసెను. అంతకు ముందే, 1956లో, బద్వేలును గద్వాలయు ఒకే రాష్ట్రములో చేరినవి. 2014లో అవి మరల రెండు రాష్ట్రములవైనవి. అయినను తుంగభద్ర దాటువాడు సరాబును వెదకనక్కరలేదు. రెండు గట్లను రూపాయి ఒక్కటే.

“అయితే, తాతా! ఏది గొప్పది?” అని పిల్లలు కడపట అడిగెడివారు. వృద్ధుడు రెండు నాణెములను సంచిలో వేసి ముడివేయుచు, “ఆ దినము మా నాయన ఇప్పించిన పదునాలుగణాలు” అనెడివాడు.