మూత మీది అక్షరాలు

సంచికకు ఏదైనా రాసివ్వమని మిత్రులు అడిగితే ఏం రాయాలో తోచలేదు. కవిత్వం నాకు చేతకాదు. కథలల్లే నేర్పూ లేదు. అందుకని, ఏడాదిగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఒక తప్పును ఇక్కడ రాసేస్తున్నాను.

మాది కల్వకుర్తి దగ్గర పల్లె. నాలుగెకరాల పత్తి చేను, ఒక బోరు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, బస్సు మెట్లు ఎక్కలేదు. నెలకోసారి పట్నం ఆసుపత్రికి తీసుకురావాలని నాయిన మూడు చేతులు మారిన పాత కారు ఒకటి కొన్నాడు. నాయినకు అక్షరాలు రావు గానీ ట్రాక్టరు తోలి చేయి తిరిగినవాడు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఇద్దరం కారు బానెట్ ఎత్తి చూశాం. డ్రైవరు వైపు ఉన్న చిన్న తెల్ల డబ్బాలో ద్రవం కింది గీతకు దిగిపోయింది. "ఇండ్ల ఏం పొయ్యాలె బిడ్డా?" అని నాయిన అడిగాడు. కెమిస్ట్రీ చదివేవాణ్ని, తెలియదంటే నామోషీ కదా! "బ్రేకు నూనె నాయినా, ఏ నూనైనా నడుస్తది" అన్నాను. ట్రాక్టరుకు వాడగా మిగిలిన ఇంజనాయిలు మూలన ఉంది. పై గీత దాకా నేనే పోశాను. కొడుకు చదువు అక్కరకొచ్చిందని నాయిన ముఖం వెలిగిపోయింది.

మూడు వారాల తర్వాత అమ్మను తీసుకుని నాయిన బయల్దేరాడు. ఆసుపత్రిలో చీటీ రాయించాలని నేను శాలిబండలోని నా గది నుంచి వెళ్లి, చాంద్రాయణగుట్ట చౌరస్తాలో కారెక్కాను. ఫలక్‌నుమా వంతెన దిగుతుంటే ఎదురుగా జామపండ్ల తోపుడుబండి. నాయిన బ్రేకు తొక్కాడు. పెడలు ఏ పట్టూ లేకుండా అడుగుకంటా దిగిపోయింది. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగితే, బండికి రెండడుగుల దూరంలో ఆగాం. వెనక సీట్లో అమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

నలుగురు పిల్లలు సాయం పడితే ఇంజన్‌బౌలి సందులోని ఒక షెడ్డుకు తోసుకుపోయాం. ఉస్తాద్ అరవై ఏళ్ల మనిషి. అమ్మను తన ఇంట్లో ఆడవాళ్ల దగ్గర కూర్చోబెట్టించి, బ్రేకు డబ్బా మూత తిప్పాడు. మూత లోపలి రబ్బరు నానబెట్టిన శనగలా ఉబ్బి ఉంది. చాయ్ గ్లాసులో నీళ్లు పోసి, డబ్బాలోని ద్రవం నాలుగు చుక్కలు వేశాడు. పైన నూనె తేలింది. ఇంకో గ్లాసులో కొత్త బ్రేకు ద్రవం వేశాడు. కలిసిపోయి మాయమైంది. ప్రయోగశాలలో నేను ఎన్నిసార్లు చేసిన పని!

"ఇస్మే క్యా డాలే జీ? ఇంజన్ తేల్ ఎవరు పోసిండ్రు?" అన్నాడు.

నా నాలుక పిడచగట్టుకుపోయింది. నేను నోరు తెరిచేలోగా నాయిన ముందుకొచ్చాడు. "నేనే పోసిన ఉస్తాద్. సదువు రానోన్ని, తెల్వలే."

ఉస్తాద్ నాయినను చాలాసేపు తిట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, "సదువుకున్నోనివి, నువ్వన్న చెప్పొద్దా?" అన్నాడు. నేను తలూపి ఊరుకున్నాను. నేను రాస్తానన్న తప్పు నూనె పోయడం ఒక్కటే కాదు, ఆ ఊరుకోవడం కూడా.

బ్రేకు ద్రవం పేరుకే నూనె. అది గ్లైకాల్ జాతి, నీటిలో కలుస్తుంది. బ్రేకుల్లోని రబ్బరు దానికి తట్టుకునే రకం. పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి మెత్తబడి పట్టు వదులుతుంది. అందుకే డబ్బా, మాస్టర్ సిలిండర్ రబ్బర్లు, చక్రాల దగ్గరి రబ్బర్లు, నాలుగు హోస్ పైపులు, అన్నీ మార్చాల్సి వచ్చింది. పైపు పైకి బాగానే కనబడినా లోపల ఉబ్బితే, వెళ్లిన ద్రవం వెనక్కి రాక చక్రం పట్టేస్తుందట. కొత్త ద్రవం పోశాక, దూరపు చక్రం మొదలు గాలి తీశారు. నేను పెడలు తొక్కి పట్టుకుంటే ఉస్తాద్ నిపుల్ వదులు చేసేవాడు, బుడగలు బయటికొచ్చేవి. ద్రవం నొక్కుడుపడదు, గాలి నొక్కుడుపడుతుంది. ఇంటర్‌లో పాస్కల్ సూత్రానికి మార్కులు తెచ్చుకున్న నాకు ఆ సంగతి అరికాలికి ఆనాడే తెలిసింది.

కొత్త డాట్ 3 ద్రవం 205 డిగ్రీల సెంటీగ్రేడు లోపల మరగకూడదని ప్రమాణం. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పీల్చాక ఆ హద్దు 140కి పడిపోతుంది. బ్రేకుల వేడికి మరిగితే ఆవిరి, ఆవిరైతే పెడలు మళ్లీ ఉత్తదే. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే.

పని అయ్యాక ఉస్తాద్ మిగతా డబ్బాలూ చూపించాడు. రేడియేటరుకు కూలెంటు, అద్దం కడగడానికి నీళ్లు, కొన్ని బండ్లలో స్టీరింగుకు వేరే నూనె. "రంగు చూసి నమ్మకు. డబ్బా నుంచి పైపు ఎటు పోతుందో చెయ్యి పెట్టి చూడు. మూత మీద రాసింది చదువు" అన్నాడు. ఇంజను చల్లారాక రేడియేటరు పైపు వత్తి చూడాలి. పగుళ్లున్నా, క్లిప్పు దగ్గర ఉబ్బినా మార్చాలి. వేడి మీద రేడియేటరు మూత తీస్తే మరిగే నీళ్లు ముఖానికి తగులుతాయి.

పాత బ్రేకు డబ్బా మూత తిప్పి చూశాను. డాట్ 3 మాత్రమే పోయాలని ఇంగ్లీషులో ఉబ్బెత్తు అక్షరాలున్నాయి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు చదువొచ్చీ నేను చదవలేదు. చదువు రాని నాయిన నన్ను నమ్మాడు.

ఆ రాత్రి నా గదిలో, "ఎందుకట్ల చెప్పినవ్ నాయినా?" అని అడిగాను. "ఆయన ముంగట నీ సదువు చిన్నగ కావొద్దని" అన్నాడు, అంతే. ఆ దినం పోయినవి పత్తి అమ్మిన పైసలు. వాటి మాట ఎత్తనే లేదు.

ఈ సంచిక అచ్చయ్యాక ఊరికి తీసుకుపోయి నాయినకు చదివి వినిపిస్తాను. అంతకుముందు ఒకసారి ఇంజన్‌బౌలి సందుకు వెళ్లి, నూనె ఎవరు పోశారో ఉస్తాద్‌కు చెప్పి రావాలి.